నమూనా

పన్నెండేళ్లుగా నా కంటికి పని ఇదే:
మనిషి లోపలివి, గాజుగొట్టంలో.
వెలుతురుకెత్తి రంగు చూస్తాను,
వంచి చిక్కదనం చూస్తాను.
పేరు తర్వాత చదువుతాను.

అందుకే వాదీ కబీర్‌లో, రేకుల షెడ్డు కింద,
హుస్సేన్ పీరా కారు అడుగున బోల్టు విప్పి
నల్లటి ధారని తొట్టిలోకి వదిలినప్పుడు
వంగి చూశాను, అలవాటుకొద్దీ.

రెండు తలుపుల కారు. ఎర్రది.
ఎర్రదంటే, మస్కట్ ఎండ తిన్నంత తినగా
మిగిలిన ఎరుపు.
కవలలు పుట్టారని అమ్మేశాడు బలూషీ కుర్రాడు,
వెనకసీట్లో రెండు చంటి కుర్చీలు పట్టక.
"ఫుల్ సర్వీస్, సిస్టర్" అన్నాడు
తాళంచెవి వంక చూస్తూ.
"ఆ డబ్బుతో తణుకులో స్థలం వచ్చేదే సువార్తా"
అంది గదిలో కమలిని, ఉల్లిపాయ తరుగుతూ.
వచ్చేదే.
స్థలానికి ఆరో గేరు ఉండదు కదా.

నూనెకి అబద్ధం రాదు.
అయస్కాంతపు బోల్టుకి ఇనపనూగు,
పదహారేళ్లవాడి మీసంలా.
ఎన్ని అర్ధరాత్రులు, ఎవరితో పందెం కాసి
సముద్రం రోడ్డు మీద తొక్కాడో
అంతా అక్కడే అంటుకుని ఉంది.

బ్రేకుల నూనె తేనెరంగులో ఉండాలి.
సులేమానీ చాయలా ఉంది.
"గాలిలో తేమంతా తాగేస్తాది మా ఇది,
అమరాత్ కొండ దిగేటప్పుడు కాగి బుడగలొస్తే
పెడల్ మెత్తగా పోతాది, మనమూ పోతాం.
దీని కాడ మాత్రం బేరమాడొద్దు."
ఆడలేదు.

ఇంజిన్‌కి ఏది?
కారుతో వచ్చిన పుస్తకం ఒక అంకె చెబుతోంది,
మంచు పడే ఊళ్లో కూర్చుని రాసిన పుస్తకం.
పీరా నవ్వాడు, పాన్ లేని ఎర్రపళ్లతో.
"ముందంకె చలికి మా. యాడిది ఈడ చలి?
ఎనకంకె చూడు. నలభై పోద్దాం."
రాయచోటి ఎండలో పుట్టినవాడు
ఎండ గురించి చెబితే నమ్మాలి.

గేరుబాక్సుకి ఖరీదైన డబ్బా ఎత్తుకున్నాను.
లాక్కుని పక్కన పెట్టేశాడు.
లోపల ఇత్తడి రింగులున్నాయట,
ఈ ఘాటు నూనె ఇత్తడిని కొరికేస్తుందట.
అమ్మమ్మ బిందె గుర్తొచ్చింది:
చింతపండుతో తోమీ తోమీ
తళతళలాడుతూనే పలచబడి
ఒకరోజు అడుగున చెమ్మ కక్కింది.

రేడియేటర్ దగ్గర మాత్రం నేనే డాక్టర్ని.
ఎవరో పంపునీళ్లు పోశారు, పైన ఆకుపచ్చది,
దానిపైన ఎర్రది. కలిసి తుప్పుబురద.
గ్రూపు చూడకుండా రక్తం ఎక్కించినట్టు.
"మొత్తం తీసెయ్" అన్నాను.
"డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడుగు.
నీళ్లు తెల్లగా వచ్చేదాకా ఏ రంగూ పొయ్యొద్దు."
మూడు చాలలేదు. అయిదోసారికి తేరాయి.

స్టీరింగ్ నూనె తోడడానికి పైపు దొరక్క
వాడు తిట్టుకుంటుంటే
సంచిలోంచి సిరంజి తీశాను, పెద్దది, యాభై మిల్లీలీటర్లది.
నెమ్మదిగా లాగాను, నురగ రాకుండా.
షెడ్డులో పనిపిల్లలు చుట్టూ చేరారు.
పీరా చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత, చేతులు రంపపుపొట్టులో రుద్దుకుంటూ,
"మా... రాత్రి నాలుగుసార్లు లేస్తాండా.
దాహం. కాళ్ల మంట. అది కూడా నూనేనా?"
"ఎప్పుడు చూపించుకున్నావు?"
"నేనా?" అన్నాడు,
మీటరు ఎంత తిరిగిందని
తనని ఎవరూ అడగనట్టు.

పాత నూనె ఒక చిన్న గొట్టంలోకి తీసి మూత పెట్టాను.
చీటీ అంటించాను.
పేరు: తెలియదు.
వయసు: లక్షా నలభై వేల కిలోమీటర్లు.
ఎందుకో నాకే తెలియదు.

రెండో గొట్టం ఖాళీగా ఉంది.
బండి బానెట్ మీద మోచెయ్యి ఆనించి
పీరా మొహం పక్కకి తిప్పుకున్నాడు.
స్పిరిట్ దూదితో తుడిచాను, మళ్లీ తుడిచాను,
దూది నల్లబడుతూనే ఉంది.
ఇరవై రెండేళ్ల గ్రీజు కింద
నరం కోసం వేలితో వెతుకుతున్నాను.